గాలి బరువు

మొన్నమొన్నటివఱకు మన మెట్టప్రాంతములలో వేసవి ముదిరినదనగా రైతునకు ఒక పని తప్పెడిది కాదు. బావిలో నీరు దిగజాఱినకొలది, గట్టుమీద నున్న ఆయిలింజను నీటిని తోడజాలక ఉత్త గాలిని గ్రక్కుచు నిలిచిపోయెడిది. అప్పుడు రైతు బావిగోడలో అరుగు తొలిపించి, నలుగురు మనుష్యులను గూర్చుకొని, మోకులతో ఇంజనును ఆ అరుగుమీదికి దింపించెడివాడు. రెండు గుఱ్ఱముల బలముదైనను, పది గుఱ్ఱముల బలముదైనను, నీటిమట్టమునకు పాతిక అడుగుల పైన నిలిపిన ఇంజను నీరు పట్టదని అతడు అనుభవమున నెఱుగును. ఏల పట్టదని అడిగినచో దానికి అంత దమ్ము లేదనును. ఇంజనునకు దమ్ము లేకపోవుట కాదు, గాలికి అంతకుమించి బరువు లేకపోవుటయే దానికి కారణము.

సరిగా ఈ చిక్కే 1638వ సంవత్సరమున ఇటలీదేశపు గెలీలియో ప్రకటించిన గ్రంథమున కనబడును. ఎంత మంచి పంపైనను అక్కడి కొలతలో పదునెనిమిది మూరలకు, అనగా మన లెక్కకు ముప్పదినాలుగడుగులకు, మించి నీటిని ఎత్తదని పంపులు బాగుచేయు పనివాడొకడు చెప్పినట్లు అందున్నది. గెలీలియో అంతటివాడు దీనికి సరియైన సమాధానము చెప్పలేకపోయెను. నీటికంబము తన బరువునకు తానే తెగిపోవునని తలచెను. ఆయన శిష్యుడు టోరిచెల్లి 1643లో నీటికి మాఱుగా పాదరసమును గైకొనెను. పాదరసము నీటికంటె పదమూడున్నర రెట్లు బరువు గనుక ముప్పదినాలుగడుగుల కంబమునకు బదులు రెండున్నర అడుగుల కంబము చాలును. ఒక కొన మూసిన గాజుగొట్టమును పాదరసముతో నింపి, పాదరసపు గిన్నెలో తలక్రిందుగా నిలుపగా, గొట్టములోని రసము కొంత దిగి 76 సెంటీమీటర్ల ఎత్తున ఆగినది. గిన్నెలోని రసమును వెలుపలినుండి నొక్కుచున్న గాలి బరువే దానిని నిలిపినదని టోరిచెల్లి నిశ్చయించెను.

గాలికి బరువున్నయెడల కొండ యెక్కినకొలది ఆ బరువు తఱుగవలెను గదా యని ఫ్రాన్సుదేశమున పాస్కలునకు తోచినది. ఆయన జబ్బుమనిషి. కావున 1648 సెప్టెంబరు 19వ తేదీన ఆయన బావమఱది పెరియే, ఊరి పెద్దలు కొందఱు వెంటరాగా, ప్వీ-ద-డోమ్ అను కొండ యెక్కెను. క్రింద మఠములో ఒక గొట్టమును నిలిపి, ఒక సన్న్యాసిని కావలిపెట్టి, రెండవదానిని తాను మోసికొనిపోయెను. శిఖరముపై పాదరసము మూడంగుళములకు పైగా దిగినది. మఠములోనిది ప్రొద్దుగ్రుంకువఱకు కదలలేదు. బరువును తూచుటకు త్రాసుతో పని లేకుండ, కొండయే త్రాసుగా జరిగిన తూనిక యిది.

మన యింజను సంగతియు ఇదియే. అది నీటిని లాగదు. గొట్టములోని గాలిని మాత్రము తీసివేయును. బావిలోని నీటిని పైనుండి నొక్కుచున్న వాయువు, అడ్డము లేని గొట్టములోనికి ఆ నీటిని త్రోయును. గొట్టపు రాపిడి, అతుకులలో దూరు గాలి పోగా ముప్పదినాలుగడుగులలో మనకు దక్కునది పాతికయే. నేడు బోరుబావులలో దింపెడు సబ్మెర్సిబుల్ మోటారు నీటిలోనే యుండి క్రిందనుండి త్రోయును గనుక వందల అడుగులనుండియైనను నీరు తెచ్చుచున్నది. దాని బలము మనము కరెంటునకు కట్టు సొమ్ము. ఆ వెనుకటి యింజను ఖాళీచేసిన గొట్టములోనికి నీటిని ఆకాశమే త్రోసెడిది.

ఆ బరువెంత? సముద్రమట్టమున చదరపు సెంటీమీటరునకు కిలోగ్రామునకు కొంచెము పైన. చదరపు మీటరునకు పది టన్నులు. ఇరువది అడుగుల పొడవు, పండ్రెండడుగుల వెడల్పు, పదడుగుల ఎత్తుగల వట్టి గదిలోని గాలిని మూటగట్టి తూచగలిగినచో ఇంచుమించు ఒక బస్తా వడ్లంత తూగును. అరుగుమీద చుట్ట కాల్చుకొనుచు కూర్చున్న పెద్దమనిషి శరీరముపై పదునాఱు, పదునేడు టన్నులు నిరంతరము నొక్కుచున్నవి. ఆయన నలిగిపోకుండుటకు కారణము, ఆ నొక్కుడు ఒక వైపునుండి గాక అన్ని వైపులనుండియు ఉండుటయు, రక్తమాంసములు లోపలినుండి సమానముగా ఎదురొత్తుచుండుటయు. పుట్టినది మొదలు మోయు బరువు బరువని తోచదు.

చదువరులలో భూవసతిగలవారు పెక్కుమంది గనుక ఎకరముల లెక్క చెప్పుదును. ఒక ఎకరముపై నిలిచియున్న వాయువు తూకము నలుబదివేల టన్నులకు పైమాట. ఇది దస్తావేజులో వ్రాయబడని ఆస్తి. ఇందులో నేమున్నదో చూడవలసినదే.

తేమను తీసివేసి చూచినచో గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజని, 21 పాళ్లకు కొంచెము తక్కువ ప్రాణవాయువు, ఒక పాలునకు కొంచెము తక్కువగా ఆర్గాను. తక్కినవన్నియు కలిసినను ఒక పాలులో ఇరువదవ వంతైన లేవు. బరువునుబట్టి లెక్కింపగా ఎకరముపై నత్రజని ముప్పదివేల టన్నులు నిలిచియున్నది. దాని క్రింద నిలుచుండి, ఇరువది కిలోల నత్రజనికొఱకు నలుబదియైదు కిలోల యూరియా బస్తా మోసికొని వచ్చువాడు మన రైతు! ఇంతకంటె వింత యేమున్నది? గాలిలోని నత్రజని పరమాణువులు రెండేసి గట్టిగా పెనవైచుకొని యుండును. ఆ పెనను విప్పు శక్తి పైరునకు లేదు. జనుము, పిల్లిపెసర, మినుము మొదలగువాని వేళ్ల బుడిపెలలో కాపురముండు సూక్ష్మజీవులకు మాత్రము ఆ విద్య తెలియును. వరి కోసిన మడిలో పిల్లిపెసర చల్లి, దమ్ములో కలియదున్నిన మన తాతలకు నత్రజని పేరు తెలియదు, పని తెలియును. జర్మనీలో హాబర్ 1909లో మిక్కుటమైన వేడిమితోను, ఒత్తిడితోను ఆ పెనను విప్పెను. 1913లో బాష్ దానిని కర్మాగారపు పనిగా నడిపించెను. రామగుండములో 2021లో మరల ఆరంభమైన యూరియా కర్మాగారము చేయుచున్నదియు, సహజవాయువు ఖర్చుపెట్టి, ఆకాశమునుండి నత్రజనిని దింపుటయే. ఆ ఖర్చు బస్తాధరలో కొంతయు, ప్రభుత్వపు సబ్సిడీలో అధికభాగమును మనమే చెల్లించుచున్నాము.

నత్రజని ఇంతయుండియు అందనిది. బొగ్గుపులుసుగాలి కొంచెమేయుండియు సర్వము పోషించునది. పదివేల పాళ్లలో అది నాలుగు పాళ్లకు కొంచెము పైన. అయినను ఎండిన గడ్డివాములో నూటికి నలుబది పాళ్లు బొగ్గు. ఆ బొగ్గంతయు ఈ నాలుగు పాళ్లనుండి ఆకులు ఏఱుకొన్నదే. పైరు మట్టిని తిని పెరుగునని మనమనుకొందుము. హెల్మాంటు అను బెల్జియము పండితుడు తొట్టిలో 200 పౌనుల మట్టిపోసి ఒక మొక్కను నాటి అయిదేండ్లు పెంచెను. చెట్టు 169 పౌనులైనది. మట్టి తఱిగినది రెండు ఔన్సులే. నీరే చెట్టైనదని ఆయన తీర్మానించెను. గాలిని తూచుట ఆయనకు తోచలేదు. యంత్రయుగమునకు ముందు పదిలక్షల పాళ్లలో 280గా నుండిన ఈ వాయువు, 1958లో హవాయి దీవులలో కొలువ మొదలిడునప్పటికి 315 అయినది. ఇప్పుడు 420 దాటినది. పైరునకు ఆహారము పెరిగినదని సంతసించువారు కలరు. ఆ వాయువే భూమినుండి పోవలసిన వేడిమిని పోనీయక పట్టియుంచుననియు, ఆ వేడిలో సగముకంటె చాలనెక్కువ సముద్రములే త్రాగుచున్నవనియు వారు మఱచుచున్నారు. ఈ సముద్రపు వేడి సంగతి ముందు మరల రావలసియున్నది.

ఆర్గాను కథ ముచ్చటైనది. గాలినుండి తీసిన నత్రజని, రసాయనములనుండి తీసిన నత్రజనికంటె వేయింటికి అయిదు పాళ్లు బరువు తూగుచున్నదని రేలీప్రభువు గమనించెను. మఱియొకడైనచో త్రాసు తప్పనుకొని ఊరకుండెడివాడు. ఆయనయు రామ్సేయు కలిసి వెదకగా 1894లో, లోకమంతయు నిరంతరము పీల్చివిడుచుచున్నను ఎవరికిని తెలియని యొక వాయువు బయటపడినది. ఆ వంశములోనిదే హీలియము. దాని జాతకములో మన గుంటూరు పేరున్నది. 1868 ఆగస్టు 18వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు ఫ్రెంచి జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు జాన్సెను గుంటూరునకు వచ్చెను. మద్రాసు వేధశాలకు చెందిన పాగ్సను మచిలీపట్నమున గుడారము వేసెను. సూర్యుని అంచున ఎగయు జ్వాలల కాంతిని పట్టకముతో విడదీయగా నాడు కనబడిన పసుపుగీత భూమిమీద తెలిసిన ఏ పదార్థమునకును చెందదని కొలదికాలములోనే తేలినది. ఇంగ్లండులో లాకియరు దానికి సూర్యుని పేరు పెట్టెను. 1895లో రామ్సే దానిని ఒక ఖనిజమునుండి వెలికితీసెను. మన గాలిలోను అది యున్నది, పదిలక్షల పాళ్లలో అయిదు పాళ్లు. గుంటూరివారు దానిని పీల్చుచునే సూర్యునిలో చూచిరన్నమాట.

తేమ సంగతి వేఱు. అది ఎడారిలో దాదాపు శూన్యము. శ్రావణమాసపు కోస్తాలో నూటికి మూడు నాలుగు పాళ్లు. ఉక్కపోసిన దినమున గాలి బరువెక్కినదందుము. నిజమునకు నీటియావిరి అణువు నత్రజని అణువుకంటె తేలిక గనుక తేమగాలి పొడిగాలికంటె తేలిక. ఈ చిన్న విషయము తుపానుల ప్రకరణమున పెద్దదగును.

ఇక ఎత్తు. వాయుసముద్రము నీటిసముద్రమువలె అడుగునుండి పైవఱకు ఒక్క చిక్కదనముగా నుండదు. దూదిబస్తాలను ఒకదానిపై నొకటి పేర్చినట్లు అడుగుది ఎక్కువ నలిగియుండును. మొత్తము బరువులో సగము అయిదున్నర కిలోమీటర్ల లోపలనే యున్నది. మదనపల్లెవద్ద హార్స్‌లీ కొండలపై, 1,260 మీటర్ల ఎత్తున, అప్పటికే ఇంచుమించు ఏడవ వంతు గాలి మన కాళ్లక్రిందికి పోయినది. అందుచే అక్కడ నీరు 96 డిగ్రీలకే కాగును, పప్పు ఆలస్యముగా ఉడుకును. ఎవరెస్టు శిఖరముపై మిగులునది మూడవ వంతు. ముప్పది కిలోమీటర్లపైన నూఱవ వంతు.

ఇచ్చట ఒక మాట. సంస్కృతము చదివిన మనవారిలో కొందఱు ఆవహప్రవహాదులైన సప్తవాయువులే నేటివారు చెప్పు వాయుపొరలని వాదింతురు. ఆ వాయువులు గ్రహనక్షత్రములను త్రిప్పుటకు కల్పింపబడినవి. వీనికిని వానికిని పొత్తు లేదు. భాస్కరాచార్యుల సంగతి కొంత మేలు. భూవాయువు పండ్రెండు యోజనముల వఱకుననియు, మేఘములు, మెఱుపులు అందే యుండుననియు సిద్ధాంతశిరోమణిలో ఆయన చెప్పెను. భూవ్యాసము 1,581 యోజనములని ఆయనయే చెప్పెను గనుక పండ్రెండు యోజనములు సుమారు 97 కిలోమీటర్లగును. నేడు అంతరిక్షము నూఱు కిలోమీటర్లపైన మొదలగునని వాడుక. ఇది చూచి పొంగిపోవువారికి నా మనవి: ఆయన ఆ సంఖ్యను ఎట్లు సాధించెనో చెప్పలేదు, మేఘములు పదునెనిమిది కిలోమీటర్ల కంటె పైకి పోవుట అరుదు. గౌరవింపుడు, కాని కొలిచెననకుడు.

కొలిచినవారు బెలూనులవారు. పైకి పోయినకొలది కిలోమీటరునకు ఆఱున్నర డిగ్రీల చొప్పున చలి హెచ్చును. ఇది ఇట్లే అంతులేక సాగునని అందఱు అనుకొనిరి. ఫ్రాన్సులో టెస్రాన్ ద బోర్ వందలకొలది బెలూనులను ఎగురవేసి, పదకొండు కిలోమీటర్ల ప్రాంతమున చలి హెచ్చుట నిలిచిపోవుచున్నదని 1902లో ప్రకటించెను. ఆ గీతకు దిగువది ట్రోపో ఆవరణము. వాన, మబ్బు, గాడ్పు అంతయు అందే. పైది స్ట్రాటో ఆవరణము. ఆ గీత మన నెత్తిపై ఎక్కడనున్నది? దీనికి సమాధానము చెప్పినవాడు కేరళీయుడైన కె.ఆర్.రామనాథన్‌గారు. భూమధ్యరేఖపై ఆ గీత పదునేడు కిలోమీటర్ల ఎత్తుననున్నదనియు, వాయుమండలపు ఈ దిగువభాగమున అన్నిటికంటె చల్లనిగాలి ధ్రువములపై గాక ఉష్ణమండలముపైననే కలదనియు ఆయన 1929లో చూపెను. రోహిణికార్తెలో నడినెత్తిన ఎండ మండుచుండగా, దానికి పదునేడు కిలోమీటర్లపైన సున్నకు దిగువ ఎనుబది డిగ్రీల చలి!

స్ట్రాటో ఆవరణమున ఓజోను అనెడి వాయువు సూర్యుని చుఱుకు కిరణములను మ్రింగి వేడెక్కును గనుక, అక్కడనుండి ఏబది కిలోమీటర్లవఱకు వెచ్చదనము హెచ్చును. ఆ ఓజోనునంతయు నేలకు దింపి పఱచినచో మూడు మిల్లీమీటర్ల మందముండును; భూమిమీది ప్రాణికోటికి గొడుగు అంతయే. ఆపైన మీసో ఆవరణము, మరల చలి. దానిపైన థర్మో ఆవరణము. ఈ పై అంతస్తులను చూచు కిటికీలు రెండు మన గడ్డపైననే యున్నవి. హైదరాబాదులోని టాటా సంస్థవారి బెలూను కేంద్రమునుండి 2005 ఏప్రిలులో ఎగిరిన బెలూను ఇరువది మొదలు నలుబదియొక్క కిలోమీటర్లవఱకు గాలిని పట్టి తెచ్చెను. అందులో అంతవఱకు తెలియని మూడు సూక్ష్మజీవుల జాతులు దొరకినవని 2009లో ప్రకటించిరి. ఒకదానికి ఆర్యభటుని పేరు పెట్టిరి. తిరుపతికి చేరువ గాదంకిలో పొలమంత మేర నిలిచిన వేయి యిరువదినాలుగు ఏరియళ్ల రాడారు, తొంబది కిలోమీటర్లలోపలి గాలుల కదలికను నేలనుండియే పసిగట్టుచున్నది. వానాకాలములో మనపై పదునాలుగు, పదునాఱు కిలోమీటర్ల ఎత్తున తూర్పునుండి పడమటికి గంటకు నూఱు కిలోమీటర్లకు మించి పాఱు గాలియేఱు కలదని 1958లో వెల్లడించినది తెలుగువాడైన పంచేటి కోటేశ్వరంగారు. నైరృతి ఋతుపవనము బలమునకును ఆ యేటి బలమునకును సంబంధము కలదు.

కాని చదువరీ, ఇవన్నియు తెలియకున్నను బ్రదుకవచ్చును. తెలియనిచో బ్రదుకలేనిది ఒకటి కలదు. అది ఈ బరువులో కలుగు చిన్న తరుగు.

సముద్రమట్టమున వాయుభారము సగటున 1013 మిల్లీబారులు. మన తీరమున బారోమీటరు దినమునకు రెండు మాఱులు, పదిగంటల వేళ, కొంచెము ఎక్కి, నాలుగుగంటల వేళ కొంచెము దిగును. ఎండవేడిమిచే ఆకాశమునకు గలుగు ఆటుపోటులివి. రెండు మొదలు నాలుగు మిల్లీబారుల యీ ఊగుట గడియారమువలె తప్పదు. తప్పినదనగా ఓడలవాడు తెరచాపలు దింపుకొనెడివాడు. ఉదయము పదింటికి ఎక్కవలసినది ఎక్కలేదనగా బంగాళాఖాతములో నేదో పుట్టినదని అర్థము.

పుట్టునదేమి? ఇరువదియాఱు, ఇరువదియేడు డిగ్రీలకు మించి వేడెక్కిన సముద్రముపై తేమగాలి పైకిలేచును. ఆవిరి చల్లబడి వానయగునప్పుడు, తాను దాచుకొన్న వేడిమిని గాలికి విడుచును. ఆ వేడికి గాలి ఇంకను తేలికపడి ఇంకను లేచును. నడుమ బరువు తఱుగును. చుట్టునున్న బరువైన గాలి అటు పరుగెత్తును. భూమి తిరుగుచున్నందున అది తిన్నగా పోజాలక, మన అర్ధగోళమున ఎడమచుట్టుగా సుడి తిరుగును. గాలికి వీపు త్రిప్పి నిలిచినచో వాయుగుండపు నడిమి ఎడమచేతివైపున నుండునని తీరవాసులు గుర్తుంచుకొనదగును. అంతకంటె ముఖ్యము మఱియొకటి. నడిమి మీదుగా పోవునప్పుడు హోరు ఒక్కసారిగా ఆగి, చుక్కలైనను కనబడును. తుపాను వెడలిపోయినదని ఇంటినుండి బయటికి వచ్చినవారిని, ఎదురుదిక్కునుండి వచ్చు రెండవ సగము చంపును.

భారము ఎంత తఱుగును? ఒడిస్సాను 1999 అక్టోబరు 29న కూల్చిన తుపాను నడుమ 912 మిల్లీబారులని అంచనా. పదింట ఒక వంతు. కొండ యెక్కినచో తొమ్మిదివందల మీటర్లకు ఇంత తఱుగును. తిరుమలకు పోయి వచ్చు భక్తుడు ఇంచుమించు ఈ తరుగును చూచి సుఖముగా తిరిగివచ్చుచున్నాడు. తరుగు కీడు చేయదు, దాని చేరువలో తరుగు లేకుండుట కీడు చేయును. ఒకచోట లేని బరువును పూడ్చుటకు మఱియొకచోటి బరువు చేయు పరుగే ఆ గాలి.

ఉప్పెన గూర్చి ఒక పొరపాటు మనలో కలదు. భారము తఱుగుటచే సముద్రము పొంగునందురు. మిల్లీబారునకు సెంటీమీటరు చొప్పున పొంగుట నిజమే. కాని ఆ లెక్కకు మీటరే వచ్చును. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన నీరు అయిదు మీటర్లు. తక్కిన నాలుగు మీటర్లు గాలి త్రోసి తెచ్చినది. లోతు లేని తీరమున వెనుకకు మరలుటకు చోటు లేక ఆ నీరు నేలకెక్కినది. 1864 నవంబరు 1న మచిలీపట్నమును ఇట్లే ముంచగా ముప్పదివేల మంది పోయిరని నాటి లెక్క. ఆ యేటి యీ విపత్తు, దానికి నెలముందు కలకత్తాను కూల్చిన తుపాను, ఆపై వచ్చిన కఱవులు కలిసి 1875లో వాతావరణశాఖ ఏర్పడుటకు కారణమైనవి. శాఖ ఏర్పడిన నూటరెండేండ్లకు దివిసీమలో పదివేలమంది చనిపోయిరి. తుపాను వచ్చుచున్నదని శాఖకు తెలియును. తెలియవలసిన గుడిసెకు సకాలమున తెలియలేదు. తెలిసినను ఎక్కి నిలుచుటకు గట్టిమేడ లేదు. నేను దీనిని ప్రకృతివైపరీత్యమని వ్రాయనొల్లను. 1990 మే 9న ఆ తీరమునకే అంతటి తుపాను వచ్చినది. లక్షలకొలది జనమును ముందుగా తరలించిరి. మృతులు వేయికి లోపు. 2014 అక్టోబరు 12న విశాఖపట్నముపై హుద్‌హుద్ నడిమియే నడచినది. ఆంధ్రమున మృతులు నూటికి లోపు. గాలి బరువు తక్కువ కాలేదు, సముద్రపు వేడి తగ్గలేదు. వార్త చేరుట, తలదాచుకొను కట్టడము ఉండుట, ఈ రెండే మాఱినవి.

ఆ వార్త పుట్టుట యెట్లో కూడ చెప్పి ముగింతును. మచిలీపట్నము, విశాఖపట్నము, హైదరాబాదు కేంద్రములనుండి వాతావరణశాఖవారు బెలూనులను వదలుదురు. దానికి వ్రేలాడు చిన్న పెట్టె భారమును, వేడిని, తేమను కొలిచి రేడియోలో పంపుచు పోవును. వదలునప్పుడు మనిషంత యున్న బెలూను, పైబరువు తఱిగినకొలది ఉబ్బి, ముప్పది కిలోమీటర్ల ప్రాంతమున ఇల్లంతయై పగులును. పెట్టె ఏ మిరపతోటలోనో, ఏ చెఱువుగట్టుననో పడును. దానిని చూచి బాంబని బెదరి ఊరివారు పోలీసులకు కబురుపెట్టుట పత్రికలలో అప్పుడప్పుడు చదువుచుందుము. అది మీ చేనిలో పడినచో బెదరకుడు. మీ యెకరముపై నున్న నలుబదివేల టన్నులలో నూటికి తొంబదితొమ్మిది పాళ్లను దాటిపోయి, దారిపొడవున కొలుచుచు పోయి, పని ముగించుకొని దిగిన పెట్టె యది.